బార్జ్ టో కదలికని మోడల్ చేయాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి

నది మీద బార్జ్‌ల (సొంత ఇంజిన్ లేని సరుకు పడవల) వరస ఎలా కదులుతుందో, ఎంత వేగంతో పోతుందో లెక్కలోకి తేవాలనుకునేవాళ్లు సాధారణంగా ఏదో ఒక కొసన తేలతారు. ఒకరేమో "గంటకి 6 మైళ్లు వేసేద్దాం, అదే సరిపోతుంది" అంటారు. ఇంకొకరు ఓడల హైడ్రోడైనమిక్స్ ముందేసుకుని, ముప్ఫై నలభై గుణకాలున్న సమీకరణాలు రాయడం మొదలుపెట్టి, ఆ గుణకాలకి విలువలు ఎక్కడి నుంచి తేవాలో తెలీక మధ్యలో వదిలేస్తారు. నేను రెండూ చేశాను. ఈ రెంటికీ మధ్య ఉన్న దారి ఎప్పుడు సరిపోతుందో, ఎప్పుడు సరిపోదో నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

ముందు వస్తువేంటో చూద్దాం. మిసిసిపీ, ఒహాయో నదుల మీద "టో" అన్న మాటకి లాగడం అని అర్థం చెప్పుకుంటే మొదటి అడుగులోనే తప్పుతాం. అక్కడ టోబోట్ వెనకనుంచి తోస్తుంది. ఒక్కో బార్జ్ పొడవు 195 అడుగులు, వెడల్పు 35 అడుగులు. వాటిని పక్కకి మూడు, పొడవుకి అయిదు చొప్పున పేర్చి ఉక్కు వైర్లతో బిగించి కట్టేస్తారు. మొత్తం 15 బార్జ్‌లు, అంటే 975 అడుగుల పొడవు, 105 అడుగుల వెడల్పు, దానికి వెనక టోబోట్ అదనం. ఈ మొత్తం కట్టనే టో అంటారు. నిండా ఎక్కిస్తే ఒక్కో బార్జ్‌లో సుమారు 1,500 షార్ట్ టన్నుల (ఒక్కోటి 2,000 పౌండ్లు) సరుకు పడుతుంది, అప్పుడు 9 అడుగుల లోతున మునుగుతుంది. లాక్‌లు (నీళ్లు నింపి, తీసి పడవలని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే గదులు) అడ్డులేని దిగువ మిసిసిపీలో అయితే 30, 40 బార్జ్‌లని కూడా ఒక్క బోటే తోసుకుపోతుంది. ఇంత బరువుకి బ్రేకులు లేవు, వెనక్కి తిప్పే ప్రొపెల్లర్లు తప్ప.

వైర్లు బిగుతుగా ఉన్నంతసేపు ఇదంతా ఒకే పలకలా కదులుతుంది. కాబట్టి ఒక్కో బార్జ్‌ని విడిగా మోడల్ చేసి మధ్యలో స్ప్రింగులు పెట్టాలా అని అడిగేవాళ్లకి నా జవాబు: వద్దు. వైర్లు తెగడం మీద పరిశోధన చేస్తుంటే తప్ప వద్దు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది

వేగం అంటే దేనితో పోల్చిన వేగం? నీటిలో వేగం ఒకటి, గట్టు మీద నిలబడినవాడికి కనిపించే వేగం ఇంకొకటి. ఇంజిన్‌కి, నిరోధానికి తెలిసేది మొదటిదే. మనకి కావాల్సింది రెండోది. మధ్యలో ఉన్నది నది వడి.

నేను మొదటిసారి రాసినప్పుడు ఎగువకి పోతే సగటు వేగాన్ని 0.7తో, దిగువకి పోతే 1.3తో గుణించాను. నీళ్లు మామూలుగా ఉన్న నెలల్లో చక్కగానే కుదిరింది. వరద నెల డేటా వేసి చూస్తే ఎగువకి పోయే టోలు నా లెక్కలో రోజున్నర ముందే చేరిపోయాయి. రెండు రోజులు కోడ్‌లో బగ్ కోసం వెతికాను, బగ్ కోడ్‌లో లేదు, గుణకారంలో ఉంది. వడిని కలపాలి, తీసేయాలి, అంతేగానీ గుణించకూడదు.

చిన్న లెక్క చూడండి. నీటిలో వేగం గంటకి 6 మైళ్లు, వడి గంటకి 3 మైళ్లు. ఎగువకి 3, దిగువకి 9. సగటు 6 కదా అనిపిస్తుంది. కానీ 90 మైళ్లు పైకి వెళ్లడానికి 30 గంటలు, కిందకి రావడానికి 10 గంటలు, మొత్తం 40. "సగటు 6" అని లెక్కేస్తే 30 గంటలే వస్తుంది. ఏటికి ఎదురెళ్లేటప్పుడు పోయిన సమయం వాలుకి వచ్చేటప్పుడు తిరిగి రాదు.

సగటు వేగాల పట్టిక

అన్నిటికన్నా తేలికైనది, అందరూ చిన్నచూపు చూసేదీ ఇదే. నదిని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకి ఎగువ వేగం, దిగువ వేగం రాసుకోవడం. వీలైతే నీటి మట్టాన్నిబట్టి రెండు మూడు వరసలు. సరుకు ఎప్పుడు చేరుతుంది, ఎన్ని టోబోట్లు కావాలి, లాక్ దగ్గర క్యూ ఎంత పెరుగుతుంది లాంటి ప్రశ్నలకి ఇది చాలు, నిజంగా చాలు.

ఎందుకు చాలంటే, ఎగువ మిసిసిపీలో చాలా లాక్‌లు 600 అడుగులవే. 15 బార్జ్‌ల టో అందులో ఒకేసారి పట్టదు. ముందు 9 బార్జ్‌లు విడదీసి లోపలికి పంపి, దాటించి, మళ్లీ లాక్‌లో నీళ్లు సర్ది, మిగిలిన 6 బార్జ్‌లు, బోటు దాటి, అవతల మళ్లీ కట్టుకోవాలి. దీనికి గంటన్నర దాకా పోతుంది, ముందు ఎవరూ క్యూలో లేకపోతేనే. 200 మైళ్ల దారిలో ఇలాంటి లాక్‌లు పది ఉన్నాయనుకోండి, 15 గంటలు వాటికే. గట్టు వేగం 6 అనుకున్నది 6.5 అయితే తేడా మొత్తం మీద రెండున్నర గంటలు. వేగం దగ్గర దశాంశాల కోసం కొట్టుకుంటూ లాక్ సమయానికి ఒకే స్థిర సంఖ్య వేసినవాళ్లని చూశాను, కొండని వదిలేసి గులకరాళ్లు లెక్కపెట్టినట్టు. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల సంస్థ లాక్‌ల దగ్గర రాక, పోక సమయాలు నమోదు చేస్తుంది. ఈ రకం పనికి మీ శ్రమంతా అటు పెట్టండి.

పట్టిక ఎక్కడ చేతులెత్తేస్తుంది? కొత్త ప్రశ్న అడిగినప్పుడు. బోటు హార్స్‌పవర్ పెంచితే? 15కి బదులు 12 బార్జ్‌లు కడితే? నీళ్లు తగ్గి లోతు 12 అడుగులకి వస్తే? పట్టికలో లేనిది పట్టిక చెప్పదు.

తోపు, నిరోధం సరిపోల్చడం

నన్నడిగితే పదిమందిలో ఏడుగురికి కావాల్సింది ఇదే. ప్రొపెల్లర్లు తోసే బలం వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది, నీటి నిరోధం వేగం పెరిగేకొద్దీ వర్గంలో పెరుగుతుంది, రెండు గీతలు ఎక్కడ కలిస్తే అక్కడ నీటిలో స్థిర వేగం. దానికి వడిని కలిపితే గట్టు వేగం.

నిరోధానికి 1960లలో చార్లెస్ హౌ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో నాకు నచ్చేది ఏంటంటే, టో కొలతలతోపాటు నది కొలతలు కూడా అందులో ఉంటాయి. వేగం వర్గం, పొడవు 0.38 ఘాతం, వెడల్పు 1.19 ఘాతం, వీటికి తోడు రెండు అసలైన ముక్కలు. ఒకటి, టో అడుగుకీ నది అడుగుకీ మధ్య మిగిలిన నీరు ఎన్ని అడుగులో చూసి, 1.46ని దాంతో భాగించి, దాన్ని e (సుమారు 2.718) మీద ఘాతంగా పెట్టడం. రెండోది, మునక లోతు మీద ఉండే ఘాతం 0.6తో మొదలై, చానల్ ఇరుకయ్యేకొద్దీ పెరగడం: చానల్ వెడల్పులోంచి టో వెడల్పు తీసేసి, 50ని దాంతో భాగించి 0.6కి కలపాలి. మొత్తాన్ని 0.07289తో గుణిస్తే నిరోధం పౌండ్లలో వస్తుంది. కొలతలు అడుగుల్లో, వేగం గంటకి మైళ్లలో పెట్టాలి. మీటర్లు పెట్టి చూసి "ఈ సూత్రం పని చేయట్లేదు" అనకండి.

15 నిండు బార్జ్‌లు, 1,000 అడుగుల చానల్, 30 అడుగుల లోతు, నీటిలో 6 మైళ్ల వేగం పెడితే నిరోధం సుమారు 41,000 పౌండ్లు వస్తుంది. లోతు 12 అడుగులకి తగ్గించండి, అంటే కింద 3 అడుగుల నీరే. నిరోధం సగానికి పైగా పెరుగుతుంది. లోతు 30 దగ్గరే ఉంచి చానల్ వెడల్పు 300 అడుగులకి తగ్గించినా దాదాపు అంతే పెరుగుతుంది. రెండూ కలిసి వచ్చిన చోట ఏమవుతుందో మీరే గుణించుకోండి. అదే 30 అడుగుల లోతులో బార్జ్‌లన్నీ ఖాళీ అయి 2 అడుగులే మునిగితే నిరోధం మూడో వంతు కన్నా కాస్త ఎక్కువకి పడిపోతుంది. (ఖాళీ బార్జ్‌లకి ఇంకో పేచీ ఉంది, గాలి. నీటి పైన అంత గోడ నిలబడి ఉంటుంది కదా. ఈ సూత్రానికి గాలి సంగతి తెలీదు.)

కింద మిగిలిన నీరు సున్నాకి దగ్గరయ్యేకొద్దీ సూత్రం పిచ్చి సంఖ్యలు ఇస్తుంది, కోడ్‌లో కనీస హద్దు ఒకటి పెట్టుకోండి. లోతు తక్కువున్న ఇరుకు చోట టో పక్కనుంచి నీరు వెనక్కి పరుగెత్తి, టో ఇంకా కిందకి కుంగుతుంది, అక్కడ ఎంత పవర్ ఇచ్చినా వేగం ఒక హద్దు దాటదు. ఆ హద్దుని వర్గ సూత్రం తనంతట తాను పట్టుకోలేదు.

దీనికే కాలాన్ని జోడిస్తే

పైన చెప్పింది స్థిర వేగం మాత్రమే. ఆపడం, బయల్దేరడం, లాక్‌కి చేరువవడం చూపించాలంటే బరువుని, అంటే ద్రవ్యరాశిని, కూడా లెక్కలోకి తేవాలి. కోడ్‌లో నాలుగు వరసలు అదనం, అంతే. తోపులోంచి నిరోధం తీసేసి ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం. ద్రవ్యరాశికి టోతోపాటు కదిలే నీటి కోసం ఒక అయిదు శాతం కలపండి. టైమ్ స్టెప్ ఒక సెకను చాలు, ఇంత నిదానంగా మారే వస్తువుకి అంతకన్నా చిన్నది దండగ. నిరోధాన్ని వేగం వర్గంగా కాకుండా వేగం ఇంటూ దాని పరిమాణంగా రాయండి, లేదంటే టో వెనక్కి కదిలేటప్పుడు నిరోధమే దాన్ని ఇంకా వెనక్కి తోస్తుంది. ఈ తప్పు నేను చేశాను, టో స్క్రీన్ అంచు దాటి వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు మజా. ఖాళీ బార్జ్ ఒక్కోటి 300 షార్ట్ టన్నులనుకుంటే ఈ టో మొత్తం 27,000 షార్ట్ టన్నులు. నీటిలో 6 మైళ్ల వేగం మీద ఇంజిన్ తోపు ఆపేశారనుకోండి. వేగం 3 మైళ్లకి దిగడానికి ఆరు నిమిషాల పైన పడుతుంది, ఈ లోపు నీటిలో సుమారు 700 మీటర్లు పోతుంది. 3 నుంచి ఒకటిన్నరకి దిగడానికి ఇంకో పన్నెండు నిమిషాలు. వేగం తగ్గేకొద్దీ ఆపే బలం కూడా తగ్గిపోతుంది కాబట్టి తోక ఇలా సాగుతూనే ఉంటుంది.

దీనికి 3 మైళ్ల వడి కలపండి. వాలుకి వస్తున్న టో ఆ మొదటి ఆరు నిమిషాల్లో గట్టు లెక్కన ముప్పావు మైలు పోతుంది, అప్పటికీ గంటకి 6 మైళ్ల మీదే ఉంటుంది. ఎదురెళ్తున్న టో అదే ఆరు నిమిషాల్లో 640 అడుగులు పోయి, అంటే తన పొడవంత కూడా పోకుండా, గట్టుతో పోలిస్తే ఆగిపోయి, ఆ తర్వాత వెనక్కి జారడం మొదలుపెడుతుంది. అదే బోటు, అవే బార్జ్‌లు. ఆ నదుల మీద వాలుకి వచ్చే నావకి దారి హక్కు ఉండాలని అమెరికా నియమాలు ఎందుకు చెప్తున్నాయో ఈ ఒక్క లెక్కతో బోధపడుతుంది. ఎదురెళ్లేవాడు ఒకచోట నిలదొక్కుకోగలడు, వాలుకి వచ్చేవాడికి అది చాలా కష్టం.

గేమ్ కోసమో, చిన్న సిమ్యులేటర్ కోసమో చేసేవాళ్లకి కూడా నా సలహా ఇక్కడిదాకా రమ్మనే. చూసేవాళ్లకి నిజమైన టోలా అనిపించేది ఈ బద్ధకమే. థ్రాటిల్ తగ్గించగానే ఆగిపోయే టో పడవలా ఉంటుందేగానీ టోలా ఉండదు.

తిరగడం కూడా కావాలంటే

ఇక్కడినుంచి ఖర్చు పెరుగుతుంది. ముందుకి, పక్కకి, తిరుగుడు అని మూడు కదలికలు కలిపి లెక్కేయాలి. ఇది ఎప్పుడు అవసరం? ప్రశ్నలో వెడల్పు ఉన్నప్పుడు. వంతెన స్తంభాల మధ్య పడుతుందా, వంపులో రెండు టోలు పక్కపక్కన దాటగలవా, లాక్ ముందు అడ్డ వడి ఉంటే ముందు కొన ఎటు పోతుంది లాంటివి.

వంపులో టో దారి వెంట నిటారుగా పోదు, కాస్త అడ్డంగా జారుతూ పోతుంది. బోటుతో కలిపి 1,150 అడుగుల పొడవు అనుకుంటే, 5 డిగ్రీలు అడ్డం తిరిగితే చాలు, అది ఊడ్చుకుపోయే వెడల్పు 105 నుంచి 205 అడుగులవుతుంది. 10 డిగ్రీలైతే 300 అడుగులు దాటుతుంది. మ్యాప్ మీద ఒక చుక్కని గీత వెంట నడిపించే మోడల్‌కి ఈ సంగతి కనిపించదు.

తేలికైన దారి 1957లో జపాన్ పరిశోధకుడు నొమోటో చెప్పిన మోడల్. రడ్డర్ (చుక్కాని) తిప్పితే టో ఎంత జోరుగా తిరుగుతుంది, ఆ తిరుగుడు అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది, ఈ రెండు సంఖ్యలే. ఆటోపైలట్ పరీక్షించడానికో, గేమ్‌కో ఇది భేషుగ్గా ఉంటుంది. పెద్ద దారి 1970లలో జపాన్ పరిశోధకులు రూపొందించిన ఎమ్‌ఎమ్‌జీ పద్ధతి. హల్ (ఓడ శరీరం), ప్రొపెల్లర్, రడ్డర్ బలాలని విడివిడిగా లెక్కేసి కలుపుతుంది. ఇది టోలకి కూడా పనికొస్తుంది, కానీ ఒక్కో అమరికకి, ఒక్కో లోతుకి గుణకాలు మారిపోతాయి. ఓడ ఒకసారి కడితే అదే ఆకారం. టో ఆకారం లాక్ దాటి నాలుగు బార్జ్‌లు వదిలేయగానే మారిపోతుంది. నమూనా ట్యాంక్ పరీక్షల డేటా మీ చేతిలో లేకపోతే ఈ దారి పట్టకండి, గుణకాలు ఊహించి పెట్టిన ఎమ్‌ఎమ్‌జీ కన్నా నిజాయితీగా సరిచూసిన నొమోటో మేలు.

ఒక్క విషయం మాత్రం ఏ పుస్తక మోడల్‌లోనూ తేరగా రాదు. వాలుకి వస్తూ పదునైన వంపు దగ్గర పైలట్లు ఫ్లాంకింగ్ చేస్తారు. ఇంజిన్లు వెనక్కి తిప్పి, నీటి వడి కన్నా నెమ్మదిగా జారుతూ, ముందు కొనని వడే తిప్పేలా చూసుకుంటారు. దానికోసమే టోబోట్లకి ప్రొపెల్లర్‌కి ముందు ఇంకో జత రడ్డర్లు ఉంటాయి. మీ మోడల్‌కి ప్రొపెల్లర్ ముందుకి తిరగడం మాత్రమే తెలిస్తే, వంపు దగ్గర మీ టో గట్టెక్కడం ఖాయం, అదీ చెడ్డ అర్థంలో. లాక్‌లు, వంతెనలు డిజైన్ చేసేవాళ్లు అందుకే ఇది సొంత కోడ్‌తో తేల్చేయరు. మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో ఆర్మీ ఇంజినీర్ల పరిశోధన కేంద్రంలో సిమ్యులేటర్ ఉంది, అసలైన పైలట్లని కూర్చోబెట్టి నడిపించి చూస్తారు. డబ్బు, ప్రాణాలు ముడిపడిన ప్రశ్నైతే మీరూ అలాంటి చోటికే వెళ్లాలి.

డేటా ఉంది కదా, దాన్నుంచే నేర్పిద్దాం అంటే

ఏఐఎస్ (నావలు తమ స్థానం, వేగం తామే రేడియోలో ప్రసారం చేసే వ్యవస్థ) డేటా ఊరిస్తుంది. అమెరికా తీర, నదీ జలాల పాత డేటా నిమిషానికో చుక్క చొప్పున ఉచితంగా దొరుకుతుంది కూడా. మెషీన్ లెర్నింగ్ వేసేస్తే భౌతికశాస్త్రం గోలే ఉండదనిపిస్తుంది. నేను దీన్ని వద్దనను, కానీ ముందు కొన్ని చూసుకోండి. అందులో ఉండేది గట్టు వేగం, వడి అందులో కలిసిపోయి ఉంటుంది, దగ్గర్లోని నీటి కొలత స్టేషన్ డేటా తెచ్చి విడదీయాలి. వేగం నాట్లలో ఉంటుంది, నది మనుషులు మైళ్లలో మాట్లాడతారు, ఒక నాట్ అంటే గంటకి 1.15 మైళ్లు, పదిహేను శాతం తేడా ఇక్కడే దూరిపోతుంది. యాంటెన్నా టోబోట్ మీద ఉంటుంది, టో ముందు కొన దానికి వెయ్యి అడుగుల అవతల. ముందు ఎన్ని బార్జ్‌లున్నాయో, నిండువో ఖాళీవో చాలాసార్లు డేటాలో సరిగ్గా ఉండదు.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకొకటి. టో 2 మైళ్ల మీద పోతోందంటే అంతకన్నా పోలేక కాదు. ఎదురొచ్చేవాడికి దారి ఇస్తోందేమో, లాక్ ఖాళీ లేదని తెలిసి తొందరపడట్లేదేమో, పొగమంచేమో. డేటా చెప్పేది పైలట్ ఏం చేశాడో, టో ఏం చేయగలదో కాదు. ఎప్పుడు చేరుతుందో అంచనా వేయడానికి మొదటిదే కావాలి, అక్కడ ఈ పద్ధతి అన్నిటినీ కొట్టేస్తుంది. ఇంజిన్ మార్చాలా వద్దా తేల్చడానికి రెండోది కావాలి, అక్కడ ఇది అడ్డదారి పట్టిస్తుంది. నేనైతే నిరోధం లెక్కని ఆధారంగా పెట్టుకుని, దాంట్లో ఒకటి రెండు గుణకాలు మాత్రం ఏఐఎస్‌తో సరిచేస్తాను, అదీ పొడవైన, తిన్నని, లాక్‌కి దూరంగా ఉన్న చోట్ల డేటా మాత్రమే తీసుకుని.

ఏది ఎంచుకున్నా, పట్టిక కాకపోతే, ఈ ఒక్క పరీక్ష పెట్టండి. వడి 3 మైళ్లు పెట్టి, ఇంజిన్ ఆపేసి, గంటసేపు వదిలేయండి. టో గట్టు వేగం మెల్లగా 3 మైళ్ల వైపుకి వచ్చి అక్కడ తేలాలి. సున్నా దగ్గర ఆగిపోయిందంటే మీ నిరోధం నీటితో కాకుండా గట్టుతో లెక్క కట్టుకుంటోందన్నమాట, మిగతా సంఖ్యలు చూడకముందే అది సరిచేసుకోండి.